బాప్తిస్మ తరగతి చెప్పబోయే మేనల్లునికి

దేవరకొండ

అల్లుడా,

మర్రిగూడ దిక్కు సంఘంల బాప్తిస్మ తరగతి నీకు అప్పజెప్పిండ్రని మీ నాయిన ఫోన్ల చెప్పిండు. కడుపు నిండిపోయింది. ఆ తరగతి నేను 30 ఏండ్లు చెప్పిన. ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతరు: "తండ్రి ఆకర్షిస్తేనే ఎవరైనా యేసు దగ్గరికి వస్తరని యోహాను 6ల ఉన్నది గదా. మరి రానోని తప్పేంది? వచ్చినోని గొప్పేంది?" ఆ ప్రశ్నకు భయపడి పాట ఎత్తుకోకు.

ముందు వాళ్ళతోని సాక్ష్యం చెప్పించు. చెవి పెట్టి విను. "రక్షణ పొందిన" అంటరు. "రక్షణ సంపాదించిన" అని ఎవ్వరూ అనరు. పొందుడంటే ఇచ్చినోడు ఉన్నడు, చెయ్యి చాపినోడూ ఉన్నడు. కృపచేతనే, విశ్వాసం ద్వారా రక్షణ, అది దేవుని వరమని చెప్పే ఎఫెసీ 2:8 అప్పుడు చదివించు. మొదలే చదివిస్తే ఊకె బట్టీ పడతరు.

తర్వాత మీ దిక్కు నీళ్ళ సంగతి ఎత్తు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు చేతులు వంకర పోయినోళ్ళను వాళ్ళు చిన్నప్పటి సంది చూసిండ్రు. దప్పికై తాగిన నీళ్ళే, ఎవరూ మెడ పట్టి తాపలె. గని వంగిన ఎముకను నేనే సాపు చేసుకుంట అంటే ఎవరి తరం? మన ఇష్టం గూడ అంతే. ఉన్నది, వంగి ఉన్నది. పాతకాలపు బోధకుడు పెలాగియసుతోని బిషపు అగస్టీను కొట్లాట ఇదే. మనిషి తన బలంతోనే నీతిగ నడవగలడన్న పెలాగియసు బోధను 418ల కార్తేజు సభ తోసేసింది. 529ల ఫ్రాన్సు దేశపు ఆరెంజ్ పట్నంల కూడిన సభ ఇంకో అడుగు ముందుకేసి, నమ్మాలన్న తొలి కోరిక గూడ కృప పుట్టించిందే అన్నది. కీడు కోసమే దేవుడు కొందరిని నిర్ణయించిండన్న మాటను అదే సభ శపించింది. ఈ రెండో మాట మర్చిపోకుండ చెప్పు.

నీళ్ళ పోలిక అక్కడ ఆపు. ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్ళు వస్తున్నయి గని వంగిన ఎముకను అవి సాపు చెయ్యలేవు. కృప చేస్తది. అపొస్తలుల కార్యములు 16ల పౌలు బోధ విన్న లూదియ అనే ఆమె హృదయాన్ని తెరిచింది ప్రభువే. తెరిచినంక పౌలు మాటల మీద మనసు పెట్టింది లూదియనే.

డార్ట్ సభ, అర్మీనియసు, వెస్లీ, ఇదే ప్రశ్న మీద తర్వాత నడిచిన ఈ వాదాలన్నీ నువ్వు చదువుకో. తరగతిల పరుచకు. మన మెన్నోనైట్ సంఘాల తొవ్వ మటుకు చెప్పు. తెలిసి నమ్మినోళ్ళకే బాప్తిస్మమని 1525 జనవరిల జ్యూరిక్‌ల నిలబడ్డోళ్ళు మన పెద్దలు. వాళ్ళల్ల ఫెలిక్స్ మాంజ్‌ను రెండేండ్లకు లిమ్మత్ నదిల ముంచి చంపిండ్రు. అమ్మ ఏడ్చిందనో, పెండ్లి కుదరాలనో వచ్చినోళ్ళను నీళ్ళల్లకు దించకు బిడ్డా.

నేను చేసిన ఒక తప్పు చెప్త. ఒక తల్లి కొడుకు తాగుడుకు బానిసయిండు. "వాన్ని దేవుడు ఏర్పరచుకోలేదా అక్కా?" అని అడిగింది. "వానికే ఇష్టం లేదు" అన్న. నాకు సక్కటి జవాబే అనిపించింది. ఆమె రెండు నెలలు మందిరం మొఖం చూడలె. ఆలస్యంగ పోయి ఆమె పక్కన కూసున్న. "వాని మనసు మీద దేవునికి చెయ్యి లేదనుకుంటే తెల్లారగట్ల మోకాళ్ళ మీద ఏం అడుగుతున్నవ్ చెల్లె? వాడు రాసిపెట్టినట్టే వస్తడులే అనుకుంటే టిఫిను గిన్నె పట్టుకొని వాని ఎంబడి ఎందుకు తిరుగుతున్నవ్? రెండూ ఇడువకు" అన్న. ఆమె నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. అసొంటి తల్లి నీ తరగతి బయట గూడ నిలబడి ఉంటది. జవాబు చెప్పే ముందు ఆమె మొఖం చూడు.

ఆఖరి వారం ఒక్కొక్కరిని విడిగ కూసోబెట్టి అడుగు. "నాకింకా తేలలే" అన్నోని పేరు పక్కకు పెట్టు, చిన్నబుచ్చకు. వానికోసం రోజూ ప్రార్థన చెయ్యి. వచ్చే ఏడు తరగతి మొదలైనప్పుడు వాని ఇంటికి నువ్వే పోయి పిలువు.

మీ అత్త