అరటాకు మీద కృష్ణమ్మ... ఇదీ ఒక చదువేనా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రాత్రయితే వాళ్ల మామయ్య ప్రొజెక్టర్ డాబా మీదికి పట్టుకెళ్లి, ప్రకాశం బ్యారేజీ దగ్గర తీసిన నీళ్ల వీడియోని కుండీల్లోని అరటి మొక్కల మీద వేస్తున్నాడు. వీడియో ఇన్‌స్టలేషన్ ఆర్టే (వస్తువుల మీదో, గదిలోనో వీడియోని అమర్చి చేసే కళ) చదువుతానంటాడు. 'పెళ్లి మండపాల్లో ఎల్ఈడీ తెరలు పెట్టే పనేగా' అంటారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీవారిది వెక్కిరింపే అయినా అందులో నిజముంది. వీడియో కళని డబ్బిచ్చి కొనేవాళ్లు బహు తక్కువ. ఇల్లు గడిచేది మ్యూజియాలు, ఎగ్జిబిషన్లు, స్టేజీ షోల పనులతోనే. సొంత కళ ఆ పక్కన సాగుతుంది. ఈ సంగతి అబ్బాయి దగ్గర దాచొద్దు.

అలాగని వాడిది పిచ్చిపనీ కాదు. నామ్ జూన్ పైక్ అనే కొరియా కళాకారుడు 1974లోనే పచ్చటి మొక్కల నడుమ టీవీలు పెట్టి 'టీవీ గార్డెన్' చేశాడు. మన దేశంలో చిత్రకారిణి నళినీ మలానీ ఎన్నో ఏళ్లుగా వీడియోతో పనిచేస్తున్నారు.

వాణ్ణి ఒకటి అడగండి: పచ్చి ఆకు మీద నీళ్ల నీలం ఎందుకు మసకేస్తోంది? ఆకులోని పత్రహరితం ఎరుపునీ నీలాన్నీ మింగేసి, ఆకుపచ్చనే ఎక్కువగా వెనక్కి పంపుతుంది. అదే వీడియో ఎండుటాకు మీద వేస్తే వేరేగా కనిపిస్తుంది. ఇది గమనించి రంగులు మార్చుకున్నాడా? అయితే ఆ మార్పులన్నీ ఫొటోలతో సహా నోట్‌బుక్కులో పెట్టమనండి. నన్నడిగితే పోర్ట్‌ఫోలియో (చేసిన పనుల్ని చూపించే సంపుటి) అంటే అదే.

ఇంటర్ తర్వాత ఈ పేరుతోనే కోర్సు కావాలని వెతకొద్దు. బీడిజైన్ (డిజైన్ డిగ్రీ) గానీ బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) గానీ చదివి ఇటు రావాలి. ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఆంధ్రప్రదేశ్ 2015లో మన నాగార్జున యూనివర్సిటీ ఆవరణలోనే మొదలైంది. అక్కడి నాలుగేళ్ల బీడిజైన్‌లో కమ్యూనికేషన్ డిజైన్ వీడికి దగ్గర. ప్రవేశానికి డాట్ (డిజైన్ ఆప్టిట్యూడ్ టెస్ట్) రాయాలి. దాని రెండో దశ మెయిన్స్‌లో సామగ్రి చేతికిచ్చి ఏదో ఒకటి తయారుచేయమంటారు. ఐఐటీల బీడిజైన్‌కి యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష, అది జనవరిలో. దసరా నాటి నుంచే నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచండి. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కూడా రాయనివ్వండి, అడ్డేం రాదు.

లక్షలు గుంజే కోచింగులు ఇప్పుడే వద్దు. త్రీడీ బొమ్మలు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్ ఉచితం, వీడియోని అప్పటికప్పుడు మార్చి చూపించే సాఫ్ట్‌వేర్ టచ్‌డిజైనర్‌కీ నేర్చుకోవడానికి సరిపోయే ఉచిత వెర్షన్ ఉంది. ఈలోపు మీవారిని ఒక రాత్రి డాబా ఎక్కించండి. మంచు మొదలయ్యేలోపు మాత్రం ప్రొజెక్టర్ కిందికి దించమనండి, మామయ్యది కదా.