పెద్ద రిజర్వాయర్లు ఉండగా చిన్న ఆనకట్టలతో పనేముంది?

"చెన్నైకి పూండి, చెంబరంబాక్కం రిజర్వాయర్లు ఉండగా ఆ పాతకాలపు ఆనకట్టలు ఇంకా ఎందుకు?" అని ఒకరు అడిగారు. అసలు ఈ నగరానికి కుళాయి నీళ్లు వచ్చిందే ఒక ఆనకట్ట వల్ల. ఫ్రేజర్ అనే ఇంజనీరు 1866లో వేసిన పథకం ప్రకారం కొసస్థలై నదికి తామరపాక్కం దగ్గర అడ్డుకట్ట కట్టి, నీళ్లను చోళవరం చెరువుకీ, అక్కణ్ణుంచి రెడ్‌హిల్స్ చెరువుకీ మళ్లించారు. పూండి వచ్చింది 1944లో.

నేనుండేది అంబత్తూరులో. అమ్మావాళ్లది ఊత్తుకోట వైపు, అరణియార్ ఒడ్డున పల్లె. అక్కడ ఏటికి అడ్డంగా ఓ గోడ, అదే ఆనకట్ట, పక్కనే కాలువ తూము, ఇసుక కొట్టుకుపోవడానికి ఒక షట్టరు. ఒక ఏడు కార్తీకంలో పైన పిచ్చాటూరు రిజర్వాయరు గేట్లెత్తారు. వరద తీశాక చూస్తే షట్టరు దిగడం లేదు, మర తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నిలవాల్సిన నీళ్లన్నీ ఆ సందులోంచే పోతున్నాయి. మా మామ, చుట్టుపక్కల రైతులు నడుంలోతు నీళ్లలో దిగి, ఇసుక నింపిన గోనెసంచులు పేర్చి, మధ్యలో వరిగడ్డి, బంకమట్టి కుక్కారు. "పైపైన కాదురా అల్లుడూ, అడుగున తొక్కు. అడుగున కారితే పైన ఎన్ని సంచులేసినా ఆగదు" అని నాచేతా తొక్కించాడు. పొద్దుగూకేసరికి మట్టం మెల్లగా లేచి నీళ్లు తూములోకి తిరిగాయి. ఆ ఎండాకాలం ఏటి పక్క బావుల్లో మోటార్లు ఆగలేదు.

నా దృష్టిలో ఆనకట్ట చేసే పెద్ద మేలు అదే. అది దాచే నీళ్లు తక్కువ. కానీ నిలిచిన కొద్ది రోజులూ ఇసుకలోంచి భూమిలోకి దిగుతాయి. ఆ ఇసుకనే లారీలకెత్తి అమ్ముకుంటే ఇక దిగేదెక్కడ? 2019 జూన్‌లో నగరం రిజర్వాయర్లు ఎండిపోయినప్పుడు మనం ట్యాంకర్ల కోసం పడిగాపులు కాశాం. ఆ ట్యాంకర్లు చాలావరకు నిండింది ఇలాంటి పల్లెల బావుల్లోంచే. చెన్నైకి ఉత్తరాన మీంజూరు వైపు భూగర్భజలం అతిగా తోడేసి సముద్రపు ఉప్పునీళ్లు లోపలికి వచ్చేలా చేశారు. ఆ రైతుల గోడు మన అపార్ట్‌మెంట్ మీటింగుల్లో ఒక్కసారైనా విన్నామా?

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. మీ ఊళ్లో ఆనకట్ట ఉంటే సెప్టెంబరులోనే షట్టరు ఎత్తి దించి చూడమని, మరకు గ్రీజు పెట్టమని, కాలువ మొదట్లో మేట తీయమని అధికారుల వెంటపడండి. కొత్త చెక్‌డ్యామ్ సంగతి ఆ తర్వాత అడగొచ్చు.