ఫొటో ప్రశ్న - జవాబు: అతుకు దగ్గర స్తంభం విరిగితే

ప్రశ్న: లేపాక్షి వీరభద్రస్వామి గుడి మండపాన్ని 18-55 కిట్ లెన్స్‌తో, 18 ఎంఎం దగ్గర, ఒకే వెడల్పాటి ఫొటో (పనోరమా) కోసం చేత్తో పట్టుకుని ఆరు ఫ్రేములుగా తీశాను. లైట్‌రూమ్‌లో కలిపితే దగ్గరి స్తంభాలు అతుకు దగ్గర రెండు ముక్కలైనట్టు కనబడుతున్నాయి. వేరే సాఫ్ట్‌వేర్ వాడితే సరవుతుందా? - ఒక పాఠకురాలు, హిందూపురం

జవాబు: సాఫ్ట్‌వేర్ మార్చి లాభం లేదండీ. ఫొటోలు తీసేటప్పుడే తేడా వచ్చేసింది. కెమెరాను తిప్పినప్పుడల్లా లెన్స్ తిరగడమే కాకుండా పక్కకు కూడా జరిగింది. దాంతో దగ్గరి స్తంభం ఒక ఫ్రేములో వెనక ఉన్న ఒక శిల్పాన్ని కప్పేస్తే, పక్క ఫ్రేములో ఇంకోదాన్ని కప్పేసింది. రెండు ఫ్రేముల్లో వెనక కనబడేదే వేరైనప్పుడు వాటిని ఏ ప్రోగ్రామూ కలపలేదు.

ఎంత జరుగుతుందో లెక్క చూడండి. 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉన్న) కెమెరాను ట్రైపాడ్ మీద మామూలుగా బిగిస్తే, లెన్స్ తిరగాల్సిన బిందువు ట్రైపాడ్ ఇరుసుకు 8 సెంటీమీటర్లు ముందుకు ఉందనుకుందాం. 30 డిగ్రీలు తిప్పితే అది 4 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. 18 ఎంఎం దగ్గర, 6 మీటర్ల దూరంలోని గోడతో పోలిస్తే, 1.5 మీటర్ల దూరంలోని స్తంభం సుమారు 95 పిక్సెళ్లు జరుగుతుంది. ఆ 8 సెంటీమీటర్లను 5 మిల్లీమీటర్లకు తగ్గించగలిగితే జరుగుడు 6 పిక్సెళ్లే, అంతవరకు సాఫ్ట్‌వేర్ సర్దుకుంటుంది. చేత్తో తిప్పితే తేడా 8 సెంటీమీటర్ల దగ్గర ఆగదు, చేతులు చాచిన కొద్దీ పెరుగుతుంది.

ఆ బిందువునే ఫొటోగ్రాఫర్లు నోడల్ పాయింట్ అంటారు. లెన్స్‌ను ముందునుంచి చూస్తే లోపల అపర్చర్ రంధ్రం ఎంత లోతున కనబడుతుందో, సరిగ్గా అక్కడ ఉంటుంది. దాన్ని ఇరుసు మీదికి తేవడానికి రెండు వస్తువులు కావాలి: కెమెరాను నిలువుగా బిగించే ఎల్ బ్రాకెట్, కెమెరాను ముందుకు వెనక్కు జరిపే నోడల్ స్లైడ్. ట్రైపాడ్ పైన కెమెరాను పట్టే బాల్ హెడ్‌ను పక్క గాడిలోకి వాల్చి కెమెరాను నిలువు చేయకండి. అలా చేస్తే లెన్స్ ఇరుసు నుంచి పక్కకు కూడా పోతుంది, అప్పుడు స్లైడ్ ఎంత జరిపినా దారికి రాదు. ఎల్ బ్రాకెట్‌తో బిగించాక ఎదురుగా నిలబడి, లెన్స్ మధ్యభాగం ట్రైపాడ్ నడిమి కడ్డీకి సూటిగా పైన ఉందో లేదో చూసుకోండి.

ఆ తర్వాత పని ఇంట్లోనే చేసుకోవచ్చు. అర మీటరు దూరంలో కిటికీ ఊచ, దాని వెనక వీధిలోని కరెంటు స్తంభం ఒకే గీతలో ఉండేలా ట్రైపాడ్ పెట్టండి. లైవ్ వ్యూ (కెమెరా వెనక తెర మీది బొమ్మ) పెద్దది చేసి, కెమెరాను కుడికి తిప్పండి. కరెంటు స్తంభంతో పోలిస్తే ఊచ ఎడమకు జరిగిందంటే లెన్స్ ఇరుసుకు ముందుకు వచ్చేసినట్టు, స్లైడ్‌ను వెనక్కి లాగండి. కుడికి జరిగితే ముందుకు తోయండి. ఫ్రేము రెండు అంచుల్లోనూ ఊచ, స్తంభం కలిసే ఉంటే ఆ చోట స్లైడ్ మీద అంకె చూసి రాసిపెట్టుకోండి. జూమ్ కదిపితే ఆ అంకె మారిపోతుంది, కాబట్టి 18 దగ్గర రింగుకు చిన్న టేపు ముక్క అంటించండి.

గుడిలో ముందుగా ట్రైపాడ్‌ను రసమట్టం చూసి సమంగా నిలపండి. ఎక్స్‌పోజర్ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ ఏదో ఒకటి, ఐఎస్ఓ ఒకటే, ఫోకస్ మాన్యువల్. ఎఫ్ 8 పెట్టి 2 మీటర్ల దగ్గర ఫోకస్ చేస్తే 1 మీటరు నుంచి చివరిదాకా స్పష్టంగా వస్తుంది. నిలువు ఫ్రేముకు అడ్డంగా 47 డిగ్రీలు పడుతుంది, 30 డిగ్రీలకొకటి తీస్తే మూడో వంతు పైగా ఒకదానిమీదొకటి పడుతుంది, ఆరు ఫ్రేములకు 195 డిగ్రీల పైచిలుకు వస్తుంది. అంత వెడల్పుకు సిలిండ్రికల్ ప్రొజెక్షన్ (ఫ్రేములను గొట్టం లోపలివైపు అతికించినట్టు పరిచే పద్ధతి) వాడాలి, అందులో పైకప్పు దూలాలు విల్లులా వంగుతాయి. అది లోపం కాదు. దూలాలు తిన్నగా కావాలంటే మూడు ఫ్రేములకే పరిమితమై పెర్‌స్పెక్టివ్ ఎంచుకోండి. మండపానికి అదే బాగుంటుందని నా అభిప్రాయం. ఇది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోండి.

ప్రశ్న: గండికోటలో పెన్నా లోయను పోలరైజర్ (ఆకాశాన్ని ముదురు చేసే ఫిల్టర్) పెట్టి చేత్తోనే తీశాను. అతుకులు బాగానే కుదిరాయి కానీ ఆకాశం మధ్యలో ముదురు నీలం మచ్చ, గట్టు అంచు అలలా వంకర. ఎందుకు? - ఒక పాఠకుడు, జమ్మలమడుగు

జవాబు: అతుకులు కుదరడానికి కారణం దూరమే. పై లెక్క ప్రకారం 200 మీటర్ల అవతల ఉన్న రాయి జరిగేది ఒక్క పిక్సెలే. కాళ్ల దగ్గరి బండలు ఫ్రేములోకి రానంత వరకు అక్కడ ట్రైపాడ్ అక్కర్లేదు. చేతులు తిప్పకుండా, లెన్స్ ఉన్నచోటనే ఉండేలా దాని చుట్టూ మీరు అడుగులు వేస్తే చాలు. లోయ అంచున మాత్రం కాలు ఎక్కడ పడుతుందో ముందే చూసుకోండి.

మచ్చ పోలరైజర్ వల్లే. సూర్యుడికి 90 డిగ్రీల దిక్కున అది ఆకాశాన్ని బాగా ముదురు చేస్తుంది, మిగతా వైపుల అంతగా చేయదు. పనోరమాకు దాన్ని తీసేయండి. ఇక అల, లోయ కనబడాలని కెమెరాను కిందికి వంచినందువల్ల వచ్చింది. ఫ్రేములను కలిపే ఉచిత ప్రోగ్రామ్ హగిన్‌లో ఫాస్ట్ ప్రివ్యూ తెరిచి, మూవ్/డ్రాగ్ ట్యాబ్‌లో స్ట్రెయిటెన్ నొక్కండి. ఇంకా మిగిలితే మౌస్‌తో బొమ్మను పైకో కిందికో లాగుతూ ఉంటే వంపు పోతుంది. ఈసారి కెమెరా సమంగానే పట్టి, నిలువు ఫ్రేములు తీయండి, లోయ అడుగు దానంతటదే వస్తుంది.

ప్రశ్న: అడాప్టర్‌తో పాత 50 ఎంఎం మాన్యువల్ లెన్స్ వాడుతున్నాను. హగిన్ ఫోకల్ లెంగ్త్ అడుగుతోంది. ఏమివ్వాలి? - ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: లెన్స్‌లో చిప్ లేదు కాబట్టి ఫొటోలో ఆ వివరం ఉండదు. 50 అని, క్రాప్ ఫ్యాక్టర్ (ఫుల్‌ఫ్రేమ్ కంటే సెన్సర్ ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే అంకె) 1.5 అని మీరే ఇవ్వండి (కెనాన్ ఏపీఎస్-సీ అయితే 1.6). కచ్చితమైన విలువ కావాలంటే ఒకసారి 12 డిగ్రీలకొకటి చొప్పున 30 నిలువు ఫ్రేములతో పూర్తి చుట్టు తీయండి. చివరి ఫ్రేము మొదటిదానితో కలవాలి కాబట్టి ప్రోగ్రామ్ అసలు కోణాన్ని లెక్కగట్టుకుంటుంది.

ప్రశ్న: చార్మినార్ దగ్గర తీస్తే జనం సగం సగం వస్తున్నారు. - ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ప్రతి కోణంలోనూ కొన్ని సెకన్లు ఆగి మూడేసి ఫ్రేములు తీయండి. పక్క ఫ్రేముతో కలిసే అంచులో మనిషి లేనిదాన్ని ఎంచుకోండి. అప్పటికీ ఎవరైనా తెగితే, హగిన్ మాస్క్ ట్యాబ్‌లో సగం మనిషి ఉన్న ఫ్రేములో అతని చుట్టూ గీత గీసి ఎక్స్‌క్లూడ్ చేయండి. ఆ భాగాన్ని పక్క ఫ్రేము నుంచి తీసుకుంటుంది. ఓవర్‌ల్యాప్ మూడో వంతు కంటే తక్కువైతే తీసుకోవడానికి చోటుండదు, జనం ఉన్నచోట సగం దాకా ఉంచండి.