సంక్రాంతికి ఊరు లేదు, మరి ఏం చేయాలి?

ప్రశ్న: మేడమ్, మేం మియాపూర్‌లో ఉంటాం. అత్తమ్మ, మామయ్య పోయాక ఊరికెళ్లడం ఆగిపోయింది, సంక్రాంతి సెలవులొస్తే పిల్లలు ఫోన్లలోనే ఉంటున్నారు. మాకంటూ ఏదైనా కొత్త అలవాటు మొదలుపెట్టాలని ఉంది.
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఒక్కటి పట్టుకోండమ్మా, పది పెట్టుకుంటే ఏదీ నిలవదు. నన్నడిగితే పక్షులు చూడటం. అమీన్‌పూర్ చెరువు మీకు దగ్గరే కదా, 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు, చలికాలంలో వలస పక్షులు కూడా వస్తాయి, భోగి రోజు పొద్దున్నే ఫ్లాస్కులో టీ పోసుకుని అందరూ వెళ్లిపోండి, ఏ పిట్ట కనిపించిందో ఒక నోటుబుక్కులో పిల్లలతోనే రాయించండి, పేరు తెలీకపోతే బొమ్మ వేసినా సరే, ఏటా అదే బుక్కు తీయండి. సాయంత్రం డాబా మీద పతంగులు, కానీ చైనా మాంజా అస్సలు వద్దు, పిట్టల రెక్కలు తెగుతాయి, మనుషుల గొంతులూ తెగుతున్నాయి, నూలు దారమే కొనండి. ఒక సాయంత్రం నాంపల్లి నుమాయిష్‌కి, అదే ఎగ్జిబిషన్‌కి, వెళ్లండి. ఇంకోటి, అత్తమ్మ చేసే సకినాలు మానకండి, పిండి చుట్టడం పిల్లలకి నేర్పండి, వంకరగా వచ్చినా తీసి పక్కన పెట్టొద్దు, నూనె దగ్గర మాత్రం మీరుండండి. పెద్దపిల్ల రానంటే బలవంతం చేయకుండా వచ్చే ఏడాది ఎటెళ్లాలో తననే డిసైడ్ చేయమనండి.