బ్యాంకు వద్దన్న వెండి నాణేలు: ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?

ప్రశ్న: మేం కెనడాలో, బ్రాంప్టన్‌లో ఉంటాం. రాయల్ కెనేడియన్ మింట్ (కెనడా ప్రభుత్వ నాణేల ముద్రణ సంస్థ) వాళ్లు '20 డాలర్లకే 20 డాలర్ల వెండి నాణెం' అని ప్రకటనలిస్తుంటే 2011 నుంచి 2015 దాకా మావారు వరసగా తెప్పించారు. 20 డాలర్లవి 46, 100 డాలర్లవి 4 ఉన్నాయి. అంటే 1,320 డాలర్లు. సెప్టెంబరులో అమ్మాయి యూనివర్సిటీ ఫీజు కట్టాలి. బ్యాంకుకు పట్టుకెళ్తే కౌంటర్‌లో ఉన్నామె అటూ ఇటూ తిప్పి చూసి, ఇవి మేం తీసుకోం అంది. 20 డాలర్లని నాణెం మీదే ఉంటే చెల్లకపోవడం ఏమిటి? వెండి పెరుగుతోంది, ఉంచుదామంటారు మావారు. మీరేమంటారు?

జవాబు: చెల్లుతాయమ్మా. కాకపోతే 'చెల్లడం' అంటే మనం అనుకునేది ఒకటి, చట్టం చెప్పేది ఇంకొకటి. కెనడా కరెన్సీ చట్టం ప్రకారం 10 డాలర్లకు మించిన నాణెం ఒక చెల్లింపులో ఒక్కటే చట్టబద్ధంగా చెల్లుతుంది. ఒకే రోజు ఒకే మనిషికి నాలుగు బాకీలు కట్టినా అన్నీ కలిపి ఒకటే లెక్క. అది కూడా బాకీ తీర్చేటప్పటి మాట. ఖాతాలో జమ చేసుకోమని బ్యాంకును నిలదీసే హక్కు అందులో లేదు. కాబట్టి ఆ కౌంటర్ అమ్మాయి తప్పు చేయలేదు. ఆమె ఆ నాణేన్ని అంతకుముందు చూసి కూడా ఉండదు. నా దగ్గరికి వచ్చే ఒకాయన ఇవే రెండు నాణేలు పట్టుకుని ఒకే బ్యాంకువి రెండు బ్రాంచీలు తిరిగారు. ఒకచోట మేనేజరు బయటికొచ్చి చూసి తీసుకున్నారు, రెండోచోట కుదరదన్నారు.

మీవారు కొన్న రోజుల్లో ఈ బేరం నిజంగానే బాగుండేది. పన్ను లేదు, పోస్టు ఖర్చు లేదు, ముఖవిలువకే, అంటే నాణెం మీద రాసి ఉన్న ధరకే వెండి. క్రెడిట్ కార్డు పాయింట్ల కోసం కొని, నాణేల్ని నేరుగా బ్యాంకులో వేసేసినవాళ్లు కూడా ఉన్నారు. ఇలా బ్యాంకుల ద్వారా తిరిగొచ్చే నాణేలకు డబ్బు చెల్లించాల్సిన భారాన్ని మింట్ తన వార్షిక ఖాతాల్లో అప్పు కింద చూపిస్తుంది. వెనక్కి వచ్చే వెండి విలువను అందులోంచి తీసేసి మిగిలింది రాసుకుంటుంది. వెండి పడిపోతే ఆ భారం పెరుగుతుంది, వెండి పెరిగితే తగ్గుతుంది. మీ లెక్క కూడా ఇదే, కాకపోతే తిరగేసి చూడాలి.

కాగితం, పెన్ను తీసుకోండి. 20 డాలర్ల నాణెంలో 7.96 గ్రాముల వెండి ఉంటుంది, 99.99 శాతం స్వచ్ఛత. వెండిని తూచే ఔన్సు 31.1 గ్రాములు. అంటే నాణెంలో పావు ఔన్సుకు ఓ పిసరు ఎక్కువ. 20ని దానితో భాగిస్తే 78 వస్తుంది. ఔన్సు వెండి కెనడా డాలర్లలో 78 దాటితే నాణెంలోని లోహం ముఖవిలువను మించినట్టు. 78కి దిగువన ఉంటే మీ దగ్గరున్నది వెండి కాదు, వెండి మీద అచ్చేసిన 20 డాలర్ల నోటు. ఇప్పుడు 100 డాలర్ల నాణెం చూడండి. బరువు 31.6 గ్రాములు, ఔన్సుకు కాస్త పైన. అది లాభంలోకి రావాలంటే ఔన్సు 98 డాలర్లు దాటాలి. పెద్ద నాణెంలో డాలరుకు దక్కే వెండి తక్కువ. ఈ తేడా చాలామంది గమనించరు. అన్నీ ఒకే సంచిలో పోసి తీసుకెళ్తారు.

టీవీలో చెప్పేది అమెరికన్ డాలర్ల ధర. మీకు కావలసింది కెనడా డాలర్లలో. 2025 అక్టోబరులో ఔన్సు 50 అమెరికన్ డాలర్లు దాటినప్పుడు చాలా ఇళ్లలో పెట్టెలు తెరుచుకున్నాయి. కానీ 50 దగ్గర కూడా 20 డాలర్ల నాణెంలో లోహం విలువ ఇంకా 20కి లోపే. పైగా దుకాణదారు మార్కెట్ ధర పూర్తిగా ఇవ్వడు, తన కోత తాను తీసుకుంటాడు. అందుకే మార్కెట్ ధర విషయంలో 78ని అటుంచి, 85ని మీ గీతగా పెట్టుకోండి. రెండు మూడు దుకాణాల్లో ఒకే రోజు అడగండి. 'నాణెం ఎంతకు తీసుకుంటారు' అనకండి, 'ఔన్సుకు ఎంతిస్తారు' అనండి.

ఇక మీవారి మాట. ఉంచితే పోయేదేముంది, 20 ఎక్కడికీ పోదు కదా అని ఆయన ధీమా. ఆ 20 అంకె పోదు, నిజమే. కానీ కెనడా ధరల సూచీ (సరుకుల ధరలు ఎంత పెరిగాయో చూపే అంకె) 2011లో సగటున 119.9, 2024లో 160.9. ఆనాడు 20 డాలర్లకు వచ్చిన సరుకులకు 2024లో దాదాపు 27 పెట్టాలి. వడ్డీ పైసా రాలేదు. అడుగున గట్టి నేల ఉంది, అది మంచిదే. ఆ నేల మాత్రం ఏటా కుంగుతూ వచ్చింది. ఇన్నేళ్లలో ఇది ఆయన చేసిన పొదుపు అని మాత్రం నేను ఒప్పుకోలేను, ముచ్చట అంటే సరే. ఇకముందు ఇలాంటివి వస్తే ఏడాదికి ఒకటో రెండో, అంతకు మించి వద్దు.

అరుదైనవని ఎక్కువ ధర వస్తుందా? 20 డాలర్లవి లక్షల సంఖ్యలో ముద్రించారు. 2012లో పెన్నీకి (ఒక సెంటు నాణేనికి) వీడ్కోలు చెప్తూ వేసిన నాణెం, 2015 సూపర్‌మ్యాన్ లాంటివాటికి సరదాపడేవాళ్లు దొరుకుతారు, కాకపోతే ప్లాస్టిక్ డబ్బీలోంచి తీయకుండా ఉంటేనే. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. మొన్నామధ్య ఒకావిడ నాణేలు పట్టుకొచ్చారు. వరలక్ష్మీ వ్రతానికి కలశం ముందు పెట్టారట. నాణెం మీది ఎలుగుబంటి బొమ్మ కాళ్ల మధ్య కుంకుమ ఇరుక్కుని ఉంది. నల్లబడ్డాయని విభూతితో తోమారు, వెండి కుందుల్ని తోమినట్టే. ఇంత స్వచ్ఛమైన వెండి మెత్తగా ఉంటుంది, అద్దంలా మెరవాల్సిన చోటంతా సన్నగీతలే. సేకరించేవాళ్లెవరూ వాటిని ముట్టరు. ఇక బరువుకే అమ్ముకోవాలి. మీవి నల్లబడినా తోమకండి. అంచు పట్టుకోండి, ముఖం మీద వేలు పెట్టకండి.

పన్ను గురించి ఎక్కువ బెంగ వద్దు. కెనడాలో నాణేలు వ్యక్తిగత ఆస్తి కిందికి వస్తాయి. కొన్న ధరా, అమ్మిన ధరా రెండూ 1,000 డాలర్ల లోపుంటే లాభం లెక్కకు రాదు. అయితే ఒక సెట్టుగా ఒకరికే అమ్మితే మొత్తాన్ని ఒకే అమ్మకంగా చూసే అవకాశం ఉంది. మింట్ రసీదులు దొరికితే దాచండి.

ఇండియా వెళ్లేటప్పుడు పట్టుకెళ్లి అక్కడ మారుద్దామన్న ఆలోచన ఉంటే మానేయండి. ముఖవిలువ ఇక్కడిది. అక్కడ మిగిలేది వెండి బరువు ఒక్కటే.

మీరు చేయాల్సింది ఇదీ. ఫీజు గడువు నాణేల కోసం ఆగదు. ఆ 1,320 డాలర్లు ముందు మీ మామూలు ఖాతాలోంచి కట్టేయండి, నాణేల మీద ఆశ పెట్టుకోకండి. తర్వాత 46లోంచి డబ్బీల్లో చెక్కుచెదరకుండా ఉన్నవీ, బయటికి తీసినవీ వేరు చేయండి. దుకాణాలు ఔన్సుకు 78 పైన ఇస్తుంటే బయటికి తీసినవన్నీ ఇచ్చేయండి, ఇంకా పెరుగుతుందేమోనని కూర్చోవద్దు. ఇవ్వకపోతే బ్యాంకే గతి. మీ ఖాతా ఉన్న బ్రాంచికి ముందు ఫోన్ చేసి, మేనేజరు ఉండే రోజు కనుక్కుని, డబ్బీతో సహా తీసుకెళ్లండి. ఒక్కోసారి రెండు మూడుకు మించి వద్దు. 100 డాలర్లవే ముందు అడగండి. వెండిగా చూస్తే వాటికే అన్నిటికంటే ఆలస్యంగా ధర వస్తుంది, అందుకని బ్యాంకు 100 ఇస్తానంటే కళ్లకద్దుకుని ఇచ్చేయండి.