స్క్రిప్ట్ నుంచి పోస్ట్ చేస్తే 200 వస్తోంది, టేబుల్‌లో మాత్రం ఏమీ పడటం లేదు

పైథాన్‌లోని రిక్వెస్ట్స్ లైబ్రరీతో సర్వర్‌కి డేటా పోస్ట్ చేస్తున్నారు, 200 (అంటే అంతా సరే అనే జవాబు) వస్తోంది, సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ కోడ్ వైపు డేటాబేస్ టేబుల్ ఖాళీగా ఉంది అన్నారు. ఇదే సమస్యతో నేను రెండు రాత్రులు కూర్చున్నాను.

భీమవరం దగ్గర మా బాబాయికి రొయ్యల చెరువు ఉంది. నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. ఆ టైమ్‌లో ఏరేటర్లు (నీళ్లలోకి గాలి ఎక్కించే యంత్రాలు) ఆగితే పంట మొత్తం పోవచ్చు. అందుకని గట్టు మీద రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి, ఐదు నిమిషాలకోసారి సెన్సర్ రీడింగ్ సర్వర్‌కి పంపేలా స్క్రిప్ట్ రాశాను. లాగ్ నిండా 200లే. పొద్దున చూస్తే టేబుల్‌లో ఒక్క వరుస కూడా లేదు.

చివరికి రెస్పాన్స్ ఆబ్జెక్ట్‌లో రెండు విషయాలు ప్రింట్ చేశాక దొరికింది. రెస్పాన్స్ డాట్ హిస్టరీలో ఒక 301 (వేరే అడ్రస్‌కి మళ్లించే జవాబు) కూర్చుని ఉంది. రెస్పాన్స్ డాట్ రిక్వెస్ట్ డాట్ మెథడ్ చూస్తే గెట్ (పేజీని అడిగే రిక్వెస్ట్) అని వచ్చింది. నేను పంపింది పోస్ట్ (డేటా పంపే రిక్వెస్ట్) కదా! అడ్రస్‌ని హెచ్‌టీటీపీతో రాశాను, సర్వర్ దాన్ని హెచ్‌టీటీపీఎస్‌కి మళ్లిస్తోంది. 301 లేదా 302 వస్తే రిక్వెస్ట్స్ లైబ్రరీ, బ్రౌజర్ల లాగానే, పోస్ట్‌ని గెట్‌గా మార్చేస్తుంది. బాడీ, అంటే మనం పంపిన డేటా, దారిలోనే పోతుంది. ఆ 200 ఉత్త పేజీ తెరుచుకున్నందుకు వచ్చింది. అడ్రస్‌ని హెచ్‌టీటీపీఎస్‌తో మొదలుపెట్టగానే సమస్య తీరింది. ఫోల్డర్ పేరు చివర స్లాష్ మర్చిపోయినా ఇలాగే అవుతుంది, అదీ చూసుకోండి.

తర్వాత వరుసలు పడ్డాయి కానీ విలువలు ఖాళీ. ఇది జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే ఒక ఫార్మాట్) గొడవ. డిక్షనరీని జేసన్ ఆర్గ్యుమెంట్‌లో ఇస్తే పీహెచ్‌పీలోని పోస్ట్ అర్రేలోకి రాదు. ఆ అర్రే ఫారం రూపంలో వచ్చినదాన్నే తీసుకుంటుంది. డేటా ఆర్గ్యుమెంట్‌లో ఇవ్వండి, లేదా సర్వర్ వైపు పీహెచ్‌పీ ఇన్‌పుట్ స్ట్రీమ్ చదివి జేసన్ డీకోడ్ చేసుకోండి.

టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలనే పరిమితి) తప్పకుండా పెట్టండి. రిక్వెస్ట్స్‌లో అది మనం ఇస్తేనే ఉంటుంది. ఓ రాత్రి నెట్ డాంగిల్ సిగ్నల్ పోయి నా స్క్రిప్ట్ ఒకే కాల్ దగ్గర పొద్దుటిదాకా ఆగిపోయింది. ప్రాసెస్ నడుస్తున్నట్టే కనిపించింది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ రాత్రి తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే. ఇప్పుడు 10 సెకన్లు ఇస్తున్నాను, ఫెయిలైతే రీడింగ్‌ని ముందు ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్‌లో ఉండే చిన్న డేటాబేస్) ఫైల్‌లో దాచి, నెట్ వచ్చాక పంపుతున్నాను.

అలా మళ్లీ పంపేటప్పుడు ఒకే రీడింగ్ రెండుసార్లు చేరే ప్రమాదం ఉంది: సర్వర్ రాసుకున్నాక జవాబు మనదాకా రాకపోవచ్చు. చెరువు నంబర్, రీడింగ్ తీసిన సమయం కలిపి టేబుల్‌లో యూనిక్ కీగా (అదే జత రెండోసారి పడకుండా) పెట్టాను. ఆ సమయం సెన్సర్ దగ్గరదే కావాలి, సర్వర్‌కి చేరినది కాదు.

ముందు ఆ హిస్టరీ, మెథడ్ రెండూ ప్రింట్ చేసి ఏమొచ్చిందో పెట్టండి. అడ్రస్‌లో ఏపీఐ కీ (సర్వర్ మనల్ని గుర్తించే రహస్య కోడ్) ఉంటే తీసేసి పెట్టండి.