నగర చార్టర్‌ను, అంటే నగర పాలన ఎలా సాగాలో చెప్పే మూల నియమావళిని, తిరగరాసేటప్పుడు ప్రభుత్వ బడులను నడిపే స్కూల్ కమిటీని ఎప్పుడు కలుపుకోవాలి?
మసాచుసెట్స్ నగరాల సంగతైతే, మొదటి నెల నుంచే. నమోదైన ఓటర్లలో 15 శాతం సంతకాలు చేరితే చార్టర్‌ను తిరగరాసే కమిషన్ వేయాలా వద్దా అన్న ప్రశ్న, దాని 9 మంది సభ్యుల ఎన్నిక ఒకే బ్యాలెట్‌లో వస్తాయి. ఎన్నికైన 45 రోజుల్లో తొలి బహిరంగ విచారణ జరపాలి. ప్రాథమిక నివేదికకు 16 నెలలు, తుది నివేదికకు 18 నెలలు గడువు. చిక్కంతా ఆ చివరి రెండు నెలల్లోనే. ముసాయిదా అచ్చయ్యాక స్కూల్ కమిటీ అభ్యంతరం చెబితే తిరగరాసే వ్యవధి ఉండదు. కమిటీలో ఎందరు, ఎన్నేళ్లు, వార్డుల వారీగానా, మేయరే అధ్యక్షుడా అన్నవి ముందే తేల్చుకోండి. రాష్ట్ర చట్టానికి విరుద్ధమైన వాక్యాలను అటార్నీ జనరల్ పరిశీలనలో ఎత్తిచూపుతారు. ఓటు లేని హెచ్‌-1బి తల్లిదండ్రుల సంతకం లెక్కకు రాదు గానీ, విచారణలో మాట్లాడొచ్చు. తప్పకుండా వెళ్లండి.